ఏడు సంతకాల స్వావలంబన

"ఈ క్షణం నుంచి ఈ కళాశాల ఎవరి మీదా ఆధారపడదు!"

ఆర్థికశాస్త్ర శాఖాధిపతి గారు బల్ల గుద్ది ఇలా ప్రకటించి, కళ్లజోడు కోసం కుడిచెయ్యి చాపారు. అటెండరు అందించాడు. మంచినీళ్ల కోసం ఎడమచెయ్యి చాపారు. అవీ అందాయి. కలం కోసం ఏ చెయ్యీ చాపనక్కర్లేకపోయింది. ఎదురుగా కూర్చున్న అమ్మాయి అప్పటికే మూత తీసి సిద్ధంగా పట్టుకుని ఉంది.

ఆ విధంగా 'ఆర్థిక స్వావలంబన, అభివృద్ధి చర్చా వేదిక' పుట్టింది!

కలం పట్టుకున్న అమ్మాయే దానికి కన్వీనరు. ఎం.ఏ. రెండో సంవత్సరం. వాళ్లింట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి. ఎక్కిన మొదటి మనిషి అంటే చదువుకోవడానికి ఎక్కిన మొదటి మనిషి అని. ఎందుకంటే ఆ మెట్లకున్న చెక్క రెయిలింగు బిగించింది వాళ్ల నాన్నే. ఇరవై రెండేళ్లుగా ఆయన అక్కడ రోజుకూలీ వడ్రంగి. అందరూ మిస్త్రీ అంటారు.

వేదికకు నియమావళి కావాలి కదా! స్వావలంబన గురించిన నియమావళిని సొంతంగా రాసుకోవడం రిస్కని భావించి, హెడ్డు గారు వేరే కళాశాలది తెప్పించి పేరు మార్పించారు. పేరు మారింది గానీ ఏడో నియమం మారలేదు. 'నదికి వరద వచ్చిన రోజుల్లో సమావేశాలు జరపరాదు' అని అలాగే ఉండిపోయింది. ఈ ఊళ్లో నది లేదు. కాబట్టి ఆ ఒక్క నియమం మాత్రం ఎన్నడూ భంగం కాలేదు.

తర్వాత తీర్మానాల పుస్తకం వచ్చింది. పేజీలకు అంకెలు వేసి, ప్రతి పేజీ మీదా ఆఫీసు ముద్ర కొట్టి మరీ ఇచ్చారు. సభ్యులు ఏడుగురు. హెడ్డు గారు, నలుగురు లెక్చరర్లు, కన్వీనరు, ఇంకో విద్యార్థి. ఇతన్ని అందరూ డిబేటు అంటారు. ఏ అంశం మీదైనా, ఏ పక్షాన్నయినా మాట్లాడి బహుమతి కొట్టేస్తాడు.

"అందరూ అన్ని పేజీల కిందా సంతకాలు పెట్టేయండి," అన్నారు హెడ్డు గారు.

"పైన ఏమీ లేదు కదా సార్?" అంది కన్వీనరు.

"పైన నేను చూసుకుంటానమ్మా. ప్రతిసారీ సంతకాలకే సగం పూట పోతే చర్చెప్పుడు, అభివృద్ధెప్పుడు?"

"కాలాన్ని ఆదా చేయడమే అసలైన ఆర్థికశాస్త్రం!" అన్నాడు డిబేటు, సంతకం పెడుతూ.

పెద్దవాళ్లు చెప్పారు కదా అని ఆ అమ్మాయి కూడా పెట్టింది. పన్నెండు పేజీలు, పన్నెండుసార్లు, శ్రద్ధగా.

సాయంత్రం సైన్సు ల్యాబు వెనకున్న రేకుల షెడ్డుకి వెళ్లింది. నాన్న ల్యాబు స్టూలుకి కాలు బిగిస్తున్నాడు. నేల నిండా చెక్కపొట్టు, గాల్లో జిగురు వాసన. గోడకి ఉలులు, రంపాలు వరస తప్పకుండా వేలాడుతున్నాయి.

"నాన్నా, నన్ను కన్వీనర్‌ని చేశారు."

"మంచిదమ్మా. అంటే ఏం చెయ్యాలి?"

"చర్చలు పెట్టాలి. మన పని మనమే చేసుకోవడం ఎలా అని."

మిస్త్రీ స్టూలుని నేలమీద నిలబెట్టి, ఊగుతోందేమోనని అరచేత్తో నొక్కి చూశాడు. "దానికి చర్చెందుకే?" అని నిజంగానే అడిగాడు.

ఎం.ఏ. చదువుతున్న ఆ అమ్మాయి చీపురు అందుకుని చెక్కపొట్టు ఊడ్చింది.

పది రోజులు గడిచాయి. ఒక్క చర్చా జరగలేదు. అభివృద్ధి మాత్రం ఆగలేదు! ఒక మధ్యాహ్నం క్లాసు అయిపోయి షెడ్డుకి వెళితే, అటెండరు చేతిలో తాళంకప్పతో గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. నాన్న ఒక జిరాక్సు కాగితాన్ని దూరంగా పట్టుకుని చూస్తున్నాడు. ఆయనకి చదువు రాదు. కానీ కూతురి సంతకం ఎక్కడున్నా గుర్తుపడతాడు. పదో తరగతి పరీక్ష ఫారం నింపే ముందు, ఆయన నునుపు చేసిన చెక్కముక్కల మీద, ఆయన బండ పెన్సిలుతోనే వారం రోజులు ఆ సంతకం సాధన చేసింది మరి.

"ఇది నీదే కదమ్మా? చివర కొక్కెం అలాగే తిప్పావు," అన్నాడు మురిపెంగా.

ఆ అమ్మాయి కాగితం లాక్కుని చదివింది. 'తీర్మానం మూడు: స్వావలంబన వేదికకు శాశ్వత కార్యాలయం అవసరమైనందున, మిస్త్రీ షెడ్డును వారంలోగా ఖాళీ చేయించి వేదికకు అప్పగించాలని, ఇకపై కళాశాల మరమ్మతులన్నీ బయటి కంపెనీకి ఇవ్వాలని వేదిక ఏకగ్రీవంగా కోరుతున్నది.' కింద ఏడు సంతకాలు. ఏడింట్లోనూ మొదటిది కన్వీనరుది.

"ఏం రాశారమ్మా?"

చెప్పింది.

మిస్త్రీ పనిముట్ల గోడ వైపు చూశాడు. "షెడ్డుంటేనే నేను ఇక్కడి మనిషిని. షెడ్డు లేని మిస్త్రీని గేటు దగ్గరే ఆపేస్తారు," అన్నాడు. వెంటనే కూతురి మొహం చూసి గొంతు మార్చాడు. "పోన్లే తల్లీ. నువ్వు సంతకం పెట్టావంటే ఏదో మంచికే పెట్టుంటావు."

ఆయన తిట్టినా బాగుండేది.

ఆ అమ్మాయి పరుగున హెడ్డు గారి గదికి వెళ్లింది. "సార్, మూడో తీర్మానం... ఆ సమావేశానికి నేను రాలేదు సార్!"

"సమావేశమే జరగలేదమ్మా. నువ్వెలా వస్తావు?"

"మరి తీర్మానం ఎలా అయింది సార్?"

"చదువుకున్నదానివి, ఇదేం ప్రశ్న? తీర్మానానికి సమావేశంతో ఏం పని? ఏడు సంతకాలున్నాయా లేదా? సంతకాలున్న పేజీని జరగలేదనడానికి ఎవరికీ అధికారం లేదు. నాకు కూడా లేదు!"

"మా నాన్న కూలి పని పోతుంది సార్."

"అభివృద్ధికి త్యాగం తప్పదు." హెడ్డు గారి కళ్లు చెమర్చాయి. త్యాగం అనే మాట వచ్చినప్పుడల్లా, చేసేది ఎవరైనా సరే, ఆయనకి అలాగే అవుతుంది. "సరే గానీ, శుక్రవారం ప్రారంభోత్సవం. ప్రభుత్వానికి సలహాదారుగా చేసిన పెద్దమనిషి వస్తున్నారు. తీర్మానాలు నేనే చదువుతాను. నాలుగో పేజీ ఖాళీగా ఉంది, ఏదో ఒకటి రాసెయ్."

"ఏం రాయమంటారు సార్?"

"నీ ఇష్టం. గంభీరంగా ఉండాలి, అంతే. అన్నీ నేనే చూసుకోవాలంటే ఎలా?"

"అలాగే సార్," అంది కన్వీనరు. ఆ రోజుదాకా ఆ అమ్మాయి పెద్దల మాట ఒక్కటీ జవదాటలేదు. ఇదీ దాటలేదు.

శుక్రవారం హాలు నిండింది. వెనక వరసల్లో నలభై కుర్చీలకి కాళ్లు సరిగా లేక, జనం గోడకి ఆనుకుని నిలబడ్డారు. డిబేటు ఇరవై నిమిషాలు స్వాగతం పలికాడు. సలహాదారు గారు, ముసలాయన, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ప్రతి మాటా శ్రద్ధగా వింటున్నారు. అలాంటి అతిథి వస్తాడని ఎవరూ ఊహించలేదు.

హెడ్డు గారు పుస్తకం తెరిచారు. ఆయన చదివేటప్పుడు గొంతు ముందు నడుస్తుంది. అర్థం వెనకాల తీరిగ్గా వస్తుంది.

"తీర్మానం నాలుగు! మూడో తీర్మానాన్ని ఇందుమూలంగా రద్దు చేస్తూ, ఇరవై రెండేళ్లుగా ఈ కళాశాలను తన కాళ్ల మీద తాను నిలబెడుతున్న ఏకైక విభాగం మిస్త్రీ షెడ్డేనని గుర్తిస్తూ, దానిని మిస్త్రీకే శాశ్వతంగా ఉంచాలనీ..." ఇక్కడ ఆయన గొంతు మరింత పెరిగింది. "వేదిక సమావేశాలు ప్రతి శుక్రవారం ఆ షెడ్డులోనే జరపాలనీ, ప్రతి సభ్యుడూ ఒక్కో సమావేశంలో ఒక్కో విరిగిన కుర్చీని స్వహస్తాలతో బాగుచేయాలనీ, మొదటి కుర్చీ అధ్యక్షులవారే..."

అర్థం అప్పటికి వచ్చి చేరింది. ఆయన ఆగిపోయారు.

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. సలహాదారు గారు లేచి నిలబడ్డారు. "నలభై ఏళ్లుగా ఇలాంటి వేదికలు చూస్తున్నానండీ. పనిముట్టు పట్టుకుంటామన్నది ఇదొక్కటే! ఏకగ్రీవమేనా?"

హెడ్డు గారు పేజీ కింద చూశారు. ఏడు సంతకాలు. తనది అన్నిటికన్నా పెద్దది. "అది... అంటే... ఆ సమావేశం..." అన్నారు.

"సార్, సంతకాలున్న పేజీని జరగలేదనడానికి ఎవరికీ అధికారం లేదని మీరే చెప్పారు," అని కన్వీనరు మెల్లగా గుర్తుచేసింది. కాదంటే మూడోది కూడా పోతుంది. ఒకటీ రెండూ కూడా పోతాయి. ఒకటో తీర్మానంలో ఏముందంటే, హెడ్డు గారే ఆజన్మాంతం అధ్యక్షులు!

"ఏకగ్రీవమే," అన్నారు హెడ్డు గారు.

"అయితే పదండి, ఇప్పుడే మొదలుపెడదాం!" అన్నారు అతిథి గారు.

ఊరేగింపులా అందరూ షెడ్డుకి కదిలారు. మిస్త్రీ అప్పటికే పనిముట్లు సగం మూటకట్టి ఉన్నాడు. జనాన్ని చూసి, ఖాళీ చేయించడానికి ఇంతమంది ఎందుకా అని కంగారుపడ్డాడు. కూతురు చెవిలో రెండు ముక్కలు చెప్పాక, మూట విప్పి, చెక్క నునుపుచేసే తోపడాని రెండు చేతులతో హెడ్డు గారికి అందించాడు.

హెడ్డు గారు దాన్ని కుర్చీకాలు మీద పెట్టి బలంగా తోశారు. కాలు కదల్లేదు, తోపడా కదల్లేదు, ఆయనొక్కరే కదిలారు.

"తిరగేసి పట్టుకున్నారు సార్," అన్నాడు మిస్త్రీ వినయంగా. ఆయన గొంతులో వెటకారం లేదు. ఉంటే హెడ్డు గారికి కాస్త తేలిగ్గా ఉండేది.

రెండో శుక్రవారానికి నలుగురు లెక్చరర్లకీ ఒకేసారి నడుంనొప్పి వచ్చింది. డిబేటు శారీరక శ్రమకు వ్యతిరేకంగా అద్భుతంగా మాట్లాడి వెళ్లిపోయాడు. హెడ్డు గారికి చర్చలతో బొత్తిగా ఖాళీ ఉండటం లేదు, వేరే ఊళ్లల్లో. తండ్రీ కూతురూ మాత్రం ఒక్క శుక్రవారం కూడా మానలేదు. ఏడాది తిరిగేసరికి నలభై కుర్చీలూ నిలబడ్డాయి.

సంవత్సరాంతంలో నివేదిక పంపాలి. హెడ్డు గారు కన్వీనరుని పిలిచారు. అలవాటుగా ఖాళీ కాగితం కింద సంతకం పెట్టబోయి, ఒళ్లు జలదరించినట్టు కలం వెనక్కి తీసుకున్నారు.

"ముందు నువ్వు రాయమ్మా. నేను చదివి పెడతా."

ఇరవై ఏడేళ్ల ఉద్యోగంలో ఆయన చదివి సంతకం పెట్టడం అదే మొదటిసారి. వేదిక సాధించిన అభివృద్ధి అంతా అదే. ఆ అమ్మాయి రాసిచ్చిన వాక్యాన్ని ఆయన మూడుసార్లు చదివి, చాలా గంభీరంగా ఉందని మెచ్చుకుని మరీ సంతకం పెట్టారు:

'మన వేదిక ఈ ఏడాది సంపూర్ణ స్వావలంబన సాధించింది. ఇప్పుడది తన అధ్యక్షుల మీద కూడా ఆధారపడటం లేదు.'