జంబయ్య సంచిలో ముప్పై ఒక్క బిళ్ళలు

ఒక పెద్ద అడవిలో అని మొదలుపెట్టాలని నాకూ ఉంది. కానీ మా అడవి అంత పెద్దదేం కాదు. ఈ చివర నక్క దగ్గితే ఆ చివర దుప్పి చెవులు నిక్కిస్తుంది. అయినా మాకొక సభ ఉంది, సభకో అధ్యక్షుడున్నాడు, కార్యదర్శి ఉన్నాడు, చిన్నాపెద్దా కలిపి పద్నాలుగు కమిటీలున్నాయి. కాబట్టి పెద్ద అడవి అనే అనుకోండి.

నా పేరు జంబయ్య. ఎలుగుబంటిని. ఈ కథలో తెలివితక్కువవాడు ఎవరా అని మీరు వెతుక్కునే పని లేకుండా ముందే చెప్పేస్తున్నాను. నేనే.

మా అడవికీ అవతలి అడవికీ మధ్య ఒక మడుగు ఉంది. ఎండాకాలం వస్తే రెండు అడవులకూ అదొక్కటే దిక్కు. పొద్దున తాగినవాళ్ళకు తేటనీళ్ళు దొరుకుతాయి. మధ్యాహ్నానికి వందల కాళ్ళు పడి అదంతా బురదైపోతుంది. ఎవరు పొద్దున తాగాలన్నది కొట్టుకుని తేల్చుకోవడం మానేసి చాలాకాలమైంది. ఇప్పుడు బిళ్ళాటతో తేల్చుకుంటాం.

ఆట తేలికే. పళ్ళెంలా పల్చగా చెక్కిన చెక్కబిళ్ళను విసరాలి. దూరంగా ఒక కొమ్మకు తీగలతో అల్లిన బుట్ట వేలాడుతుంటుంది. బిళ్ళ పడిన చోటికి నడిచి, అక్కణ్ణుంచి మళ్ళీ విసిరి, చివరికి బుట్టలో వెయ్యాలి. అలా తొమ్మిది బుట్టలు. ఎవరు తక్కువసార్లు విసిరితే వాళ్ళది గెలుపు. కావలసిన బిళ్ళలు సంచిలో పెట్టుకుని ఎవరి సంచి వాళ్ళే భుజాన మోసుకు తిరగాలి. అంచు పదునుగా ఉన్న బిళ్ళ దూరం పోతుంది. అంచు మొద్దుగా ఉన్నది దగ్గర్లో చెప్పినమాట వింటుంది. మధ్యరకం మధ్యదూరానికి. విద్య మొత్తం ఇంతే.

పోయిన ఏడాది మా తరఫున నేనే ఆడాను, మూడు బిళ్ళలతో. అవతలివాళ్ళ తరఫున కోటమ్మ అనే ముసలి కొండముచ్చు ఆడింది. ఎనిమిది బుట్టల దాకా సమానంగా వచ్చాం. తొమ్మిదో బుట్టకు ఆరడుగుల దూరంలో నిలబడి నేను విసిరిన బిళ్ళ పక్కనుంచి పోయి పొదలో పడింది. నా చెయ్యి వణికింది. అంతమంది చూస్తుంటే వణికింది. ఇది నాకు తెలుసు, నా చేతికీ తెలుసు.

కానీ అందరూ నా మొహంలోకే చూస్తుంటే ఏదో ఒకటి అనాలి గదా.

"బిళ్ళ సరైంది కాదు," అన్నాను. "ఈ గాలికి వేరే రకం ఉండాల్సింది."

ఆ ఎండాకాలమంతా మేం బురద తాగాం. చుక్కమ్మ అనే దుప్పికి చిన్న పిల్ల ఒకటుంది. అది కడుపునొప్పితో వారం రోజులు లేవలేదు. నేను వాళ్ళుండే వైపు వెళ్ళడం మానేశాను.

ఈ ఏడాది పోటీ ఇంకా నెల రోజులుందనగా సభ పిలిచారు. అధ్యక్షుడు గవరయ్య అడవిదున్న. విషయమేమిటో తెలియకపోయినా సరే, ఆయన లేచి నిలబడితే చాలు, గంభీరంగా ఉంటుంది.

"పోయినసారి మన ఓటమికి కారణం తగిన బిళ్ళ లేకపోవడమేనని జంబయ్యగారు స్వయంగా చెప్పారు," అన్నాడాయన. "ఈసారి ఆ లోటు రాకూడదు. సంచి ఎంపిక కమిటీ వేస్తున్నాను."

కారణం బిళ్ళ కాదు, నా చెయ్యి అని అప్పుడే చెప్పాల్సింది. చెప్పాలనే లేచాను. అందరూ చప్పట్లు కొట్టారు. నమస్కారం పెట్టి కూర్చున్నాను.

కమిటీకి కార్యదర్శి పరంధామం అనే నక్క. నిపుణుడిగా కొంగ ఆచార్యులుగారిని పిలిచారు. ఆయన గాలి గురించి ఎంతో చదివాడు. బిళ్ళ మాత్రం జన్మలో ముట్టుకోలేదు.

"గాలి ఎనిమిది దిక్కుల నుంచి వీస్తుంది," అన్నాడు ఆచార్యులు ఒంటికాలి మీద నిలబడి. "దిక్కుకొకటి చొప్పున ఎనిమిది బిళ్ళలు కనీసం ఉండాలి."

"గాలి లేకపోతే?" అని వెనక నుంచి చుక్కమ్మ అడిగింది.

ఆచార్యులు కళ్ళు మూసుకుని ఆలోచించాడు.

"మంచి ప్రశ్న. తొమ్మిది."

తర్వాత నెమలి లేచింది. దాని పేరు వర్ణమాల. "రంగు సంగతి ఎవరూ మాట్లాడరేం? గడ్డిలో పడితే వెతుక్కోవద్దూ? ఎండలో ఎరుపు, నీడలో పసుపు, మబ్బు పడితే తెలుపు. అన్నిటినీ మించి, సంచి తెరిస్తే చూడముచ్చటగా ఉండాలి."

గవరయ్య గొంతు సవరించుకున్నాడు. "మా మేనల్లుడు ఈమధ్య బిళ్ళలు చెక్కుతున్నాడు. బంధువని చెప్పడం కాదు. అంటే, బంధువే అనుకోండి. వాడివి ఓ ఆరు పెట్టుకుంటే కుర్రాడికి ప్రోత్సాహంగా ఉంటుంది."

ఆఖరున పరంధామం మాట్లాడాడు. "ఈ సంచి ఒక్క జంబయ్యది కాదు, అడవి మొత్తానిది. అన్ని వర్గాలకూ ఇందులో చోటుండాలి. రెక్కలవాళ్ళ తరఫున, బొరియలవాళ్ళ తరఫున, నీళ్ళవాళ్ళ తరఫున బిళ్ళలు రావాలి."

వచ్చాయి. ఎలుకలు ఇచ్చిన బిళ్ళకు నడిమధ్యన కన్నం ఉంది. అలవాటు కొద్దీ కొరికేశాయట. కప్పలు ఒక బెండు బిళ్ళ ఇచ్చాయి. అది నీళ్ళ మీద చక్కగా తేలుతుంది. గాల్లో మాత్రం ఎగరదు.

నెల సగమయ్యేసరికి సంచిలో ముప్పై బిళ్ళలు చేరాయి.

ఇక్కడ మీకొక నిజం చెప్పాలి. నాకు ఆ సంచి నచ్చింది. పొద్దున లేస్తూనే బిళ్ళలన్నీ బయటికి తీసి వరసగా పరిచేవాణ్ణి. దూరానివి ఒక వైపు, దగ్గరివి ఒక వైపు. మర్నాడు రంగుల వారీగా. ఆ మర్నాడు బరువు వారీగా. తేనెపట్టు మైనం తెచ్చి ఒక్కొక్కదాన్నీ నున్నగా రుద్దేవాణ్ణి. మధ్యాహ్నం సంచి భుజాన వేసుకుని అడవంతా ఒక చుట్టు తిరిగేవాణ్ణి. కుందేళ్ళు ఆగి చూసేవి. ఆ చూపులకు నాకు కడుపు నిండిపోయేది.

ఒకరోజు చుక్కమ్మ నేనుండే చోటికే వచ్చింది. బిళ్ళలన్నీ నేల మీద పరిచి ఉన్నాయి. కాసేపు వాటికేసి చూసింది.

"జంబయ్యన్నా, వీటిలో ఎన్నిటితో నీకు విసరడం వచ్చు?"

"అన్నీ పరిశీలనలో ఉన్నాయి," అన్నాను. కమిటీలో కూర్చుంటే ఆ భాష దానంతటదే వచ్చేస్తుంది.

"నా పిల్ల ఈ ఏడు కూడా బురద తాగితే తట్టుకోలేదన్నా. నువ్వు రోజూ కాసేపు విసురుతున్నావా?"

"రేపటి నుంచి."

చుక్కమ్మ వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ మర్నాడు నిజంగానే విసురుదామని బయల్దేరాను. ఏ బిళ్ళతో మొదలుపెట్టాలో తేలక పొద్దు నెత్తికెక్కింది. ఎండగా ఉందని తిరిగొచ్చేశాను.

పైగా భుజం నొప్పి మొదలైంది. పరంధామం దగ్గరికి వెళ్ళి, "సంచి బరువుగా ఉంది, ఓ పది తీసేద్దాం," అన్నాను.

"నిరభ్యంతరంగా," అన్నాడు పరంధామం. "తీసెయ్యడానికి ఒక కమిటీ వేద్దాం."

తొలగింపు కమిటీ మూడు రోజులు కూర్చుంది. ఎవరి బిళ్ళ తీసేసినా వాళ్ళ మనసు నొచ్చుకుంటుందని తేల్చింది. సంచిలో బిళ్ళల సగటు బరువు తగ్గేందుకు ఒక తేలికైన బిళ్ళ కలపాలని తీర్మానించింది. అలా ముప్పై ఒకటయ్యాయి.

పోటీ రోజు వచ్చింది. కోటమ్మ మోదుగాకులతో కుట్టిన చిన్న సంచి తగిలించుకుని వచ్చింది. అందులో మూడు బిళ్ళలు. నా సంచి చూసి ఆగింది.

"ఏం జంబయ్యా, కాపురం మారుస్తున్నావా?"

తీర్పరి వడ్రంగిపిట్ట. రెండు అడవుల్లోనూ దానికి గూళ్ళున్నాయి గనక ఎవరి పక్షమూ కాదు. ఆటగాడు తన వంతు రాగానే, అది చెట్టును నలభైసార్లు పొడిచేలోగా విసరాలి. లేదంటే ఒక విసురు అదనంగా లెక్కకొస్తుంది.

మొదటి బుట్టకు కోటమ్మ తన బిళ్ళ తీసి విసిరేసింది. నా వంతు వచ్చింది. నేను సంచి విప్పాను. వెనకాల కమిటీ మొత్తం నిలబడి ఉంది.

"నైరుతి గాలి," అన్నాడు ఆచార్యులు. "పైనుంచి నాలుగోది."

"ఎండ కాస్తుంటే ఆ బూడిదరంగుదా?" అంది వర్ణమాల. "ఎర్రది తియ్యి."

"మా వాడిది ఒకటి చూడండి జంబయ్యగారూ," అన్నాడు గవరయ్య. "మొదటి విసురు శుభంగా ఉంటుంది."

నా చెయ్యి సంచిలో అటూ ఇటూ తిరుగుతుండగానే వడ్రంగిపిట్ట ఆగిపోయింది. "నలభై అయింది. ఒకటి కలుపుతున్నాను."

రెండో బుట్ట దగ్గర భయంతో చూడకుండానే చేతికందింది తీసి విసిరాను. బిళ్ళ టేకుచెట్ల మధ్యనుంచి గీత గీసినట్టు పోయి బుట్టకు రెండడుగుల్లో వాలింది. ఎంతకాలమైందో అంత హాయి అనిపించి. ఏ బిళ్ళో చూద్దామనుకునే లోపే కప్పలు అడ్డం వచ్చాయి. తమ బిళ్ళ ఇంతవరకూ బయటికి తియ్యలేదని, ఇది నీళ్ళవాళ్ళకు అవమానమని అన్నాయి. పరంధామం నాకేసి చూశాడు.

మూడో బుట్టకు బెండు బిళ్ళ విసిరాను. అది నా ముందే కాస్త లేచి, ఎదురుగాలికి తిరిగి, నా తల మీదుగా వెనక్కిపోయింది. మొదలుపెట్టిన చోటికన్నా ఇరవై అడుగులు వెనకపడ్డాను. సంచి మోసుకుని అక్కడికి నడిచి మళ్ళీ విసిరాను. ఆచార్యులు మాత్రం గాలి తాను చెప్పిన దిక్కునుంచే వీచిందని సంతోషించాడు.

ఐదో బుట్ట గుట్ట మీద. సగం ఎక్కేసరికి సంచి తీగ భుజంలోకి కోసుకుపోతోంది. ఊపిరి అందక కూలబడ్డాను. కోటమ్మ వెనక్కి దిగి వచ్చింది.

"సంచి ఇలా తే. పైదాకా నేను మోస్తా."

"కుదరదు," అన్నాడు పరంధామం. "అడవి పరువును ప్రత్యర్థి భుజం మీద పెడతామా?"

"అయితే నువ్వు మొయ్యి," అంది కోటమ్మ. పరంధామం ఆకాశంలోకి చూశాడు. నేనే లేచి మోశాను.

ఏడో బుట్ట దగ్గర జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ మొహం దాచుకోవాలనిపిస్తుంది. నేను బుట్టకు నాలుగడుగుల దూరంలో ఉన్నాను. ఏ బిళ్ళయినా పడుతుంది. ఎండుటాకు విసిరినా పడుతుంది. కానీ సంచిలో దగ్గరి దూరానికే ఐదు బిళ్ళలున్నాయి. ఒకటి తీశాను, పెట్టేశాను. ఇంకోటి తీశాను. దీని అంచు మరీ మొద్దుగా లేదూ అనుకున్నాను. మూడోదానికి మైనం సరిగా పట్టలేదనిపించింది. వడ్రంగిపిట్ట పొడవడం మానేసి నాకేసి జాలిగా చూసింది. నలభై ఎప్పుడో దాటిందట.

చివరికి కోటమ్మవి ఇరవై ఏడు విసుర్లు, నావి ముప్పై ఎనిమిది. పోయినసారి ఒక్క విసురుతో ఓడాను. ఈసారి పదకొండుతో.

మడుగు గట్టు మీదికి వచ్చి సంచితో సహా బోర్లా పడ్డాను. తీగ మెడకు చుట్టుకుంది. బిళ్ళలు గట్టంతా దొర్లాయి. కమిటీవాళ్ళు ఎవరి బిళ్ళలు వాళ్ళు ఏరుకునే పనిలో పడ్డారు. చుక్కమ్మ వచ్చి పళ్ళతో ఆ తీగ కొరికి తప్పించింది.

"పోయినసారి తప్పు బిళ్ళది కాదు చుక్కమ్మా," అన్నాను. "నా చెయ్యి వణికింది."

"తెలుసన్నా. అందరికీ తెలుసు. నువ్వు ఎప్పుడు చెబుతావా అని చూశాం."

ఎండుగడ్డిలో మొహం పెట్టుకుని పడుకున్నాను. కోటమ్మ నీళ్ళు తాగి వచ్చి నా పక్కన చతికిలబడింది.

"నువ్వు ఆ సంచి మోస్తుంటే చూసి నాకే భుజం నొప్పి పుట్టింది," అంది. చుక్కమ్మ వెనక దాక్కున్న పిల్లకేసి చూసింది. "మీ పిల్లల్ని పొద్దున్నే పంపండి. పిల్లలు తాగితే ఎన్ని నీళ్ళు తగ్గుతాయి? పెద్దవాళ్ళు మాత్రం మధ్యాహ్నమే రావాలి."

ఆ ఎండాకాలం మా పిల్లలంతా తేటనీళ్ళు తాగారు. చుక్కమ్మ పిల్లకు చిన్న జలుబు కూడా చెయ్యలేదు. పెద్దవాళ్ళం బురద తాగాం. అది నాకు పోయినసారంత చేదుగా అనిపించలేదు.

వారం తర్వాత సభ జరిగింది. పరంధామం నివేదిక చదివాడు.

"మన సంచిని చూసి ప్రత్యర్థి పక్షం మనసు కరిగి, గెలిచి కూడా పిల్లలకు పొద్దుటి నీళ్ళు వదిలేసింది. మూడు బిళ్ళలున్న రోజుల్లో మనకు ఇలాంటి ఫలితం రాలేదు. కాబట్టి ఎంపిక సఫలమైందని కమిటీ భావిస్తోంది. వచ్చే ఏడాదికి అరవై బిళ్ళలు సిఫారసు చేస్తున్నాం."

ఈసారి నేను చప్పట్లకు సందివ్వలేదు. లేచి, "అయ్యా, నా చెయ్యి వణుకుతుంది. రోజూ విసిరి సరిచేసుకోవాలి. నాకు బిళ్ళలు వద్దు, సమయం కావాలి," అన్నాను.

కొంగ ఆచార్యులు రెండో కాలు కూడా కింద పెట్టాడు. ఆయన అలా చెయ్యడం నేనెప్పుడూ చూడలేదు.

"వణికే చేతికి," అన్నాడు మెల్లగా, "ప్రత్యేకమైన బిళ్ళ ఉండాలి."

"అరవై ఒకటి," అని పరంధామం రాసుకున్నాడు.

ఇందులో నేను తెలుసుకున్న నీతి: గెలవాలంటే మూడు బిళ్ళలు చాలు, ఎదుటివాళ్ళు జాలిపడాలంటే మాత్రం ముప్పైకి తగ్గకూడదు.