చేపలు ఫెయిలైన పరీక్ష

ఏ రసాయనమైనా సరే, పై అధికారి సంతకం పడేదాకా విషం కాజాలదు. శాస్త్రజ్ఞులకు ఇంతవరకూ అంతుపట్టని ఈ సత్యాన్ని మా ఊరి నీటి పరీక్షల కార్యాలయం ఏనాడో గ్రహించింది.

ఆ కార్యాలయం వెనకగదిలో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్న ఉద్యోగినిని అందరూ చేపలక్క అంటారు. అనుమానం ఉన్న నీళ్లను గాజుతొట్టిలో పోసి, పది చేపల్ని వదిలి, నాలుగు రోజుల తర్వాత ఎన్ని మిగిలాయో లెక్కపెట్టడం ఆమె పని. (చేపలకు ఆమె పేర్లు పెట్టదు. మొదటి ఏడాది పెట్టి, బుద్ధి తెచ్చుకుంది.)

ఒక సోమవారం పాలమ్మే ఒకావిడ క్యాను నిండా కాలువ నీళ్లతో వచ్చింది. రంగుల ఫ్యాక్టరీకి దిగువన, కాలువ పక్క వీధి ఆమెది. రెండు ఆవులు వరసగా చచ్చిన దూడల్ని ఈనాయనీ, కూతురి చేతుల మీద దద్దుర్లు ఎంతకీ తగ్గడం లేదనీ చెప్పింది. ఫిర్యాదు పత్రంలో నష్టపోయినవారి గడిలో ఆవుల సంతకాలు లేవని గుమాస్తా ఆమెను వెనక్కి పంపబోతే, చేపలక్క లేచొచ్చి క్యాను అందుకుంది.

మర్నాడు పొద్దుటికే పది చేపలూ వెల్లకిలా తేలాయి. ఆమె చాలాసేపు తొట్టి ముందే నిలబడిపోయింది. తర్వాత ‘ఈ నీరు విషపూరితం’ అని నివేదిక రాసింది.

నివేదిక మూడు ప్రశ్నలతో తిరిగొచ్చింది. చేపలకు పూర్వం నుంచీ ఏమైనా జబ్బులున్నాయా? బతికుండగా అవి నీటి మీద ఫిర్యాదు చేశాయా? పదీ ఒకేసారి పోవడం వెనక ఎవరి ప్రోద్బలమైనా ఉందా? చేపలక్క ఓపిగ్గా జవాబులు రాసింది. వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది: చేపల ఆరోగ్యాన్ని దృష్టిలో ఉంచుకుని (ఇంత దయ ఆ కార్యాలయ చరిత్రలో లేదు) పరీక్షా కాలాన్ని నాలుగు రోజుల నుంచి నాలుగు నిమిషాలకు కుదించడమైనది.

కొత్త పద్ధతిలో పది చేపలూ పాసయ్యాయి. పాతవి ఫెయిలైనట్టు నమోదు చేశారు.

నీరు సురక్షితమన్న కొత్త నివేదిక మీద సంతకం పెట్టమని పెద్దసారు కాగితాన్ని ఆమె ముందుకు జరిపారు.

“ఐదో నిమిషం చూశారా సార్?” అంది చేపలక్క.

“ఐదో నిమిషం మన పరిధిలోకి రాదమ్మా,” అన్నారాయన, నిజంగానే నొచ్చుకుంటూ.

ఆమె సంతకం పెట్టలేదు; ఆ గడిలో ఆయనే పెట్టారు. సాయంత్రం చేపలక్క కాలువ వీధికి నడిచి వెళ్లి, పాలావిడ కూతురి చేతులు తన చేతుల్లోకి తీసుకుని చూసింది. ఈ నీళ్లు తాగొద్దనీ, పశువులకు పట్టొద్దనీ, స్నానానికీ వద్దనీ ఇంటింటికీ తిరిగి చెప్పింది. ఎవరైనా అడిగితే తన పేరే చెప్పమంది.

“కాగితంలో బాగానే ఉన్నాయని రాశారట కదమ్మా?” అంది పాలావిడ.

“కాగితం నీళ్లు తాగదుగా.”

ఆనాటి నుంచి ఆ వీధివాళ్లు మైలు దూరం నడిచి బావి నీళ్లు తెచ్చుకుంటున్నారు. మూడు నెలలకు పిల్ల చేతులు మానాయి. ఏడాదికి పాలావిడ ఆవు బతికున్న దూడను ఈనింది.

ఈలోగా చేపలక్కకు అభియోగపత్రం అందింది. సురక్షితమని ధ్రువీకరించిన నీటిపై అనుమతి లేకుండా అపనమ్మకం కలిగించడం ఆమె నేరం. విచారణాధికారి మర్యాదస్తుడు. కుర్చీ వేయించి, ఒకే ఒక్క ఆధారం అడిగారు: ఆ నీటివల్ల ఆ వీధిలో పోయినవాళ్ల మరణ ధ్రువపత్రాలు.

ఎవరూ పోలేదని ఆమె ఒప్పుకుంది. నేరం రుజువైంది.