మంత్రిగారి వాకిట్లో గుంటలు

దేశంలో చిట్టచివరి రోడ్డు బాగుపడేదాకా తన ఇంటి దారి మీద చెంచాడు తారు కూడా పోయనివ్వనని రోడ్ల మంత్రిగారు నిండుసభలో ప్రతిజ్ఞ చేశారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు వెనక వరసలో కూర్చున్న ఇంజనీరు. ఆ త్యాగానికి చలించిపోయాడు కాబోలని పక్కవాళ్ళు అనుకున్నారు. చలించిన మాట నిజమే గానీ, అతని బదిలీ ఫైలు మంత్రిగారి బల్ల మీద ఉంది. భార్య వేరే ఊళ్ళో బ్యాంకు ఉద్యోగంలో, తనేమో ఇక్కడ మెస్సు భోజనంతో ఏళ్ళు గడిపేస్తున్నారు. ఆవిడ దగ్గరికి చేరాలంటే ఒక్క సంతకం కావాలి.

ప్రతిజ్ఞ తర్వాత మంత్రిగారి ఇంటి దారికి ఎక్కడలేని పేరొచ్చింది. గేటు నుంచి పోర్టికో దాకా తారు లేచిపోయి, కంకర తేలి, అడుగుకో గుంట. పత్రికల వాళ్ళు వచ్చి ఫొటోలు తీసుకునేవారు. అన్నిట్లోకీ పెద్ద గుంట దగ్గర మంత్రిగారు కాస్త తల వంచుకుని నిలబడేవారు. ఆ ఫొటో చూసి కళ్ళు తుడుచుకోని కార్యకర్త లేడు.

అంతా సవ్యంగా సాగుతుండగా మంత్రిగారి అత్తగారు జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ చేయించుకుని, చక్రాల కుర్చీలో కూతురింటికి వస్తున్నారు. మంత్రిగారి భార్య ఇంజనీరుని పిలిపించి, అమ్మ కుర్చీ గేటు నుంచి గుమ్మం దాకా ఒక్క కుదుపు లేకుండా రావాలన్నారు. మంత్రిగారు పక్కనే పేపరు చదువుకుంటున్నారు. ప్రతిజ్ఞ చేసిన మనిషి కాబట్టి ఆయనకేమీ వినబడలేదు.

"మరి సార్ ప్రతిజ్ఞ..." అని నసిగాడు ఇంజనీరు.

"ప్రతిజ్ఞ ఆయనది. అమ్మ నాది," అన్నారావిడ.

మంచినీళ్ళ పైపు పగిలిందని గేటుకి బోర్డు తగిలించమనీ, బదిలీ సంగతి తనకు గుర్తుందనీ పేపరు వెనక నుంచి రెండు ముక్కలు వినిపించాయి.

టార్పాలిన్ల చాటున పని మొదలైంది. గుట్టు బయటపడుతుందని కాంట్రాక్టరుని పిలవకుండా డిపార్టుమెంటు మనుషుల్నే పెట్టుకున్నాడు ఇంజనీరు. మిల్లింగ్ మిషన్ వచ్చి అరిగిపోయిన పైపొరని గీకి లారీలో పోసింది. దుమ్మంతా ఊడ్చి, పల్చగా తారు చల్లి, పొగలు కక్కుతున్న తారు కంకర మిక్సు పరిచి, వేడి తగ్గకముందే రోలరు తొక్కించారు. తన సర్వీసులో మొదటిసారి పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేయించాడు. భార్య దగ్గరికి వెళ్ళే దారి ఇదే కదా, కక్కుర్తి పడబుద్ధి కాలేదు. అత్తగారి కుర్చీ పడవలా జారుకుంటూ వచ్చి పోర్టికోలో ఆగింది. కునుకు తీస్తున్న ఆవిడ కళ్ళు తెరిచి, అప్పుడే వచ్చేశామా అని అడిగారు.

మంత్రిగారు ముచ్చటపడి ఫైలు తెప్పించుకుని పెన్ను మూత తీశారు. అప్పుడు గుర్తొచ్చింది. వచ్చే సోమవారం ప్రతిజ్ఞ వార్షికోత్సవం. పత్రికల వాళ్ళందరూ గుంటలు చూడ్డానికి వస్తున్నారు. పెన్నుకి మళ్ళీ మూత పెట్టేశారు.

"గుంటలు కావాలయ్యా," అన్నారు.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎవరూ ఇంజనీరుని గుంటలు అడగలేదు. అవి అడక్కుండానే వచ్చేవి. చేసేది లేక గునపాలతో తవ్వించాడు. మంత్రిగారు వచ్చి చూసి పెదవి విరిచారు.

"ఇవి గోతులు. మొక్కలు నాటుకోవచ్చు. గుంటన్నాక అందులో కాస్త నిర్లక్ష్యం కనబడాలి. ప్రజలు పుట్టినప్పట్నుంచీ గుంటలు చూస్తున్నారు, వాళ్ళని మోసం చెయ్యలేం."

సుత్తులతో అంచులు చితక్కొట్టించినా లాభం లేకపోయింది. ఇక సిగ్గు విడిచి కాంట్రాక్టరుని పిలిపించాడు. ఊరి రోడ్లన్నీ వేసిన చెయ్యి అది. కాంట్రాక్టరు దారి పొడవునా నడిచి, బూటుతో ఓసారి తన్ని చూసి, ఇంజనీరు వైపు జాలిగా తిరిగాడు.

"ఇంత బాగా వేయిస్తే గుంటలెలా పడతాయండీ? దీన్ని గీకించేసి నాకొదిలెయ్యండి. స్పెషల్‌గా ఏమీ చెయ్యను. బయట ఎలా వేస్తానో అలాగే వేస్తాను."

మిషన్ మళ్ళీ వచ్చింది. కొత్త పొర పడింది. అది ఇంజనీరు వేయించిన దానికంటే ఎక్కువగా మెరుస్తుంటే మంత్రిగారికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. కాస్త ఓపిక పట్టమన్నాడు కాంట్రాక్టరు. మొక్కలకు నీళ్ళు తెచ్చిన ట్యాంకరు ఒక్కసారి లోపలికొచ్చి బయటికెళ్ళింది. అంతే. అంచులు విరిగి, కంకర తేలి, మధ్యలో బురదనీళ్ళు నిలిచి, ఎవరూ చెయ్యి పెట్టకుండా గుంటలు పడ్డాయి. మంత్రిగారు వంగి ఒకదాన్ని ఆప్యాయంగా నిమిరారు.

సోమవారం బ్రహ్మాండంగా జరిగింది. అత్తగారి కుర్చీని నలుగురు కార్యకర్తలు ఎత్తి గుంటలు దాటించారు. మీకిక్కడ ఇబ్బందిగా లేదా అని విలేకరులు ఆవిడని అడిగారు.

"మొన్న వచ్చినప్పుడు నున్నగా ఉందే," అన్నారావిడ.

ఇంజనీరు గబుక్కున కుర్చీకి అడ్డం వచ్చాడు. మంత్రిగారు మాత్రం తడుముకోకుండా, అభిమానం ఉన్నచోట గుంటలు కూడా నున్నగానే కనిపిస్తాయన్నారు. విలేకరులు ఆ మాట రాసుకున్నారు. ఒకాయన కళ్ళు కూడా తుడుచుకున్నాడు.

జనం వెళ్ళిపోయాక మంత్రిగారు ఇంజనీరుని కౌగిలించుకున్నారు. రోడ్లు వేసేవాళ్ళు వీధికొకరు దొరుకుతారనీ, ప్రతిజ్ఞ నిలబెట్టేవాడు దొరకడం కష్టమనీ చెప్పి, అతను చూస్తుండగానే సంతకం పెట్టారు. ప్రతిజ్ఞా పరిరక్షణ ప్రత్యేకాధికారి అనే కొత్త పదవి. మంత్రిగారి ఆవరణలోనే క్వార్టర్సు. ప్రతిజ్ఞ నెరవేరేదాకా పదవీకాలం.

ఇంజనీరు బయటికొచ్చి భార్యకి ఫోన్ చేశాడు.

"సంతకం అయిందా?" అని అడిగిందావిడ.

"అయింది."

"మరి ఎప్పుడొస్తున్నారు?"

"దేశంలో రోడ్లన్నీ బాగుపడగానే."

"అయితే బీరువాలో ఉన్న మీ బట్టలు కూడా అక్కడికే పంపించేస్తాను," అందావిడ.