నిలబెట్టిన సామగ్రి

మనిషికి ఇల్లు అవసరమా కాదా అన్నది అమెరికాలోని మిన్నెసోటా ఉత్తరాన ఎన్నడో తేలిపోయింది. ఆ ఇల్లు గోడలుగా రావాలా, కర్రలుగా రావాలా అన్నదే ఇంకా పరిశీలనలో ఉంది.

మే నెలలో ఇల్లు కాలిపోయాక, స్కూలు బస్సు నడిపి రిటైరైన వెర్నా, భర్త ఆర్లోతో కలిసి పెరట్లో నిలిపిన ట్రైలర్ అనే చక్రాల గదిలోకి మారింది. ఆర్లోకి ఉబ్బసం. అక్టోబరు దాటితే మంచు. ఈ రెండూ అనుమతి కోసం ఆగే రకం కాదు.

జిల్లా గృహనిర్మాణ కార్యాలయం వారి పధ్నాలుగో నంబరు ఫారంలో రెండు గళ్లున్నాయి. గోడలు ఫ్యాక్టరీలో చేయించి, లారీలో తెప్పించి నిలబెట్టడం ఒకటి. కర్రాకర్రా స్థలంలోనే కోసి, మేకులు కొట్టి కట్టడం రెండోది. వెర్నా మొదటి గడిలో టిక్కు పెట్టింది.

"గోడ లోపల ఏముందో నేను చూడాలి కదా వెర్నా గారూ," అన్నాడు గోడల తనిఖీ అధికారి గోర్డన్ (చిన్నప్పుడు ఆమె బస్సులోనే బడికెళ్లినవాడు).

"ఫ్యాక్టరీలో చూసి ముద్ర వేశారు కదయ్యా."

"ముద్ర బయటుంటుంది. నేను చూడాల్సింది లోపల. గోడలు వచ్చాక విప్పించండి."

"విప్పితే గ్యారంటీ పోతుందట!"

"గ్యారంటీలు మా శాఖ కిందికి రావండీ."

సరే, రెండో గడి. వడ్రంగి ఎమ్మెట్ జింకల వేట అయ్యాకే వస్తానన్నాడు. ఈలోగా కర్రలు వానకు తడుస్తాయి. తడి కర్రతో కట్టరాదని నిబంధన. ఆరాలంటే పైకప్పు ఉండాలి. పైకప్పు నిలవాలంటే గోడలుండాలి. (ఈ వరుసలో లోపమేమీ లేదని కార్యాలయం లిఖితపూర్వకంగా ధ్రువీకరించింది.)

లోపలివైపు మూయకుండా గోడలు పంపుతారా అని వెర్నా ఫ్యాక్టరీని అడిగింది. నిక్షేపంగా పంపుతామన్నారు.

"బ్రహ్మాండం, లోపలంతా కనిపిస్తుంది," అన్నాడు గోర్డన్. "కానీ ఏ గడిలో టిక్కు పెడతారు? ఇది పూర్తి గోడా కాదు, ఒట్టి కర్రా కాదు."

"మూడో గడి గీసుకో నాయనా, పెన్ను నేనిస్తా."

"గడి గీసే అధికారం రాజధానిలో ఉందండీ."

కాగితం రాజధానికి వెళ్లింది. జవాబు రాలేదు కానీ, నవంబరులో గోడల లారీ వచ్చింది. ట్రైలర్ గొట్టంలో నీళ్లు గడ్డకట్టాయి. ఆర్లో పడుకుంటే ఊపిరాడక, కూర్చునే కునుకు తీస్తున్నాడు.

వెర్నా నిబంధనల పుస్తకం ముందేసుకుంది. నలభై ఒకటో పేజీలో ఉంది: సామగ్రిని నేలమీద పడుకోబెట్టరాదు, నిలబెట్టి, కదలకుండా బిగించి, పైన కప్పి నిల్వ చేయాలి.

వేట ముగించుకున్న ఎమ్మెట్, చర్చివాళ్లు పన్నెండుమంది వచ్చి, రెండు రోజుల్లో సామగ్రిని నిబంధన ప్రకారం నిల్వ చేశారు. చలిగాలి దూరకుండా కిటికీలు కూడా బిగించి, వెచ్చదనానికి కట్టెల స్టవ్ పెట్టారు. స్టవ్ పక్కన ఆర్లో ఆర్నెల్ల తర్వాత వెల్లకిలా పడుకుని నిద్రపోయాడు. వెర్నా అటు తిరిగి, కంట్లో రంపపు పొట్టు పడిందంది.

గోర్డన్ తనిఖీకి వచ్చి, బూట్లు స్టవ్ దగ్గర ఆరబెట్టుకున్నాడు.

"ఆర్లో గారు ఇక్కడేం చేస్తున్నారు?"

"సామానుకి కాపలా."

"అయితే సరే," అని, 'నిల్వ సంతృప్తికరం' అని రాసుకుని, ఇంకో కప్పు కాఫీ అడిగాడు.

ఆ ఏడాది జిల్లాలో ఒక్క ఇల్లూ నిబంధనలను ఉల్లంఘించలేదని వార్షిక నివేదిక సగర్వంగా ప్రకటించింది. కట్టిన ఇళ్ల సంఖ్య ఆ కింది వరుసలోనే ఉంది: సున్నా.