సదస్సు పూర్తయ్యేదాకా సంధి వద్దు

ప్రపంచంలో నడుస్తున్న యుద్ధాలన్నిటినీ మార్చి నెలలో వచ్చే రెండో శని, ఆదివారాల్లో పరిష్కరించాలని శ్రీ విశ్వజ్ఞాన డిగ్రీ కళాశాల పాలకవర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది. రాయచూరు జిల్లాలో పోతనాళ దాటి కాలువ గట్టు వెంట కాస్త దూరం పోతే, వరి పొలాల మధ్య పసుపు రంగు పూసుకుని కనబడేదే ఆ కళాశాల. ఇన్నాళ్ళూ ఈ యుద్ధాలు ఆగకపోవడానికి కారణం, వాటి సంగతి ఈ కళాశాలకు ఎవరూ చెప్పకపోవడమే. తనిఖీ బృందం వచ్చి, "మీకు అంతర్జాతీయ సదస్సు ఒక్కటీ లేదే" అని పెదవి విరిచాక గానీ పాలకవర్గానికి ప్రపంచం బాధ తెలిసిరాలేదు.

అంతర్జాతీయం అన్నాక పరాయి దేశం మనిషి ఒకడుండాలి. కార్యదర్శి చంద్రమోహన్ గారి చిన్నాన్న కొడుకు మస్కట్‌లో ఏసీలు బిగిస్తుంటాడు. ఆయన్ను పశ్చిమాసియా ప్రతినిధిగా తీసుకున్నారు. ఆయన ఫోన్లోనే మాట్లాడతాడు కనుక దారిఖర్చుల బెడద కూడా లేదు.

సదస్సు ప్రచార బాధ్యత హరిబాబు మీద పడింది. హరిబాబు రాజనీతి శాస్త్రంలో అతిథి అధ్యాపకుడు. తొమ్మిదేళ్ళుగా అతిథే. మర్యాద తెలిసిన ఏ ఇంట్లోనూ అతిథి చేత ఇన్నాళ్ళు చాకిరీ చేయించుకోరు, కానీ విద్యాసంస్థల మర్యాదలు వేరు. ప్రతి జూన్‌లోనూ పర్మనెంటు అవుతుందని ఆయన భార్య వాణితో చెప్పడం, వాణి పుట్టింట్లో చెప్పడం, ఆమె తండ్రి శివరామకృష్ణయ్య గారు "శుభం" అనడం ఆ కుటుంబంలో ఒక వార్షిక వేడుకగా స్థిరపడిపోయింది.

ఈసారి మాత్రం చంద్రమోహన్ గారు ఆయన్ను గదిలోకి పిలిచి కుర్చీ చూపించారు. అధ్యాపకులకు కుర్చీ చూపించడం అక్కడ అరుదు.

"హరిబాబు గారూ, సదస్సు ఎవరైనా జరుపుతారండీ. దాన్ని లోకం చూడాలి. ఫోన్ తెరిస్తే మనమే కనబడాలి. కనబడ్డామా, మీరు పర్మనెంటు. లేదంటే జూన్‌లో ఇంకో అతిథిని వెతుక్కుంటాం. ఇందులో దాపరికం ఏమీ లేదు."

హరిబాబు పాపం చదువుకున్నవాడు. అందుచేత మొదట్లో తప్పుదారి పట్టాడు. యుద్ధాలకు మూలకారణాలేమిటో మూడు రాత్రులు కూర్చుని వ్యాసం రాసి కళాశాల పేజీలో పెట్టాడు. ఇద్దరికి నచ్చింది. ఒకరు ఆయనే. రెండోవారు వాణి. ఆమె చదవకుండానే నచ్చిందని నొక్కేసింది. చంద్రమోహన్ గారు చూసి, "మీరు రాసింది చదవాల్సొస్తోందండీ, అదే చిక్కు" అని తప్పు ఎక్కడుందో ఎత్తిచూపారు.

తరువాత పోస్టరు వేయించారు. అందులో ఎవరి బొమ్మ ఎంత ఉండాలన్న దాని మీద పాలకవర్గం రెండు వర్గాలై, వారం రోజులు మాటలు మానేసుకుంది. చివరికి అందరి బొమ్మలూ సమానంగా వేయాలని రాజీ కుదిరింది. అన్ని మొహాలూ పట్టేసరికి సదస్సు దేన్ని గురించో రాయడానికి చోటు చాల్లేదు. ఆ లోటు ఎవరి దృష్టికీ రాలేదు గనుక పోస్టరు దివ్యంగా ఉందని అందరూ అనుకున్నారు.

ఆ పోస్టరును ప్రతి విద్యార్థీ తన వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాలనీ, పెట్టినవారికే హాజరు వేస్తామనీ ఉత్తర్వు వెలువడింది. పిల్లలు తుచ తప్పకుండా పాటించారు. హరిబాబు పొద్దున్నే ఫోన్ తెరిస్తే వందల స్టేటస్‌లు, అన్నిటిలోనూ అవే మొహాలు. ఆయనకు ఆనందంతో కళ్ళు చెమర్చాయి. ఆ స్టేటస్ ఒక్క హరిబాబు సారుకు తప్ప ఇంకెవరికీ కనబడకుండా పిల్లలందరూ మీట నొక్కిపెట్టారన్న సంగతి వారం తరువాత తెలిసింది. ఆ రకంగా సదస్సు ప్రచారం జయప్రదంగా ఒక మనిషికి చేరింది.

ఇక లాభం లేదనుకుని హరిబాబు చేతికందిన ప్రతి గ్రూపులోనూ దూరి పోస్టర్లు కుమ్మరించాడు. పూర్వవిద్యార్థుల గ్రూపు, వివాహ సంబంధాల గ్రూపు, కాలువ రైతుల గ్రూపు, ఏదీ వదల్లేదు. పొద్దున ఐదు, సాయంత్రం ఐదు. జనం తిట్టుకున్నారే గాని చూడలేదు.

ఇలా ఉండగా దేవుడు కళ్ళు తెరిచాడు. కళాశాల వెనకే కాలువ తూము ఉంది. ఎగువన క్యాంపులో శివరామకృష్ణయ్య గారి పొలాలు. ఆ క్యాంపు వాళ్ళు పెద్దల కాలంలో గోదావరి జిల్లా నుంచి వచ్చి కాలువ మొదట్లో స్థిరపడ్డారు. మట్మారి అనే ఊరి నుంచి వచ్చి కాలువ చివర కొద్దిపాటి మడి చేసుకుంటున్నవాడు బీరప్ప. మొదట ఉన్నవాడు తూము మూయడు, చివర ఉన్నవాడికి నీళ్ళు అందవు. ఇది ఆ కాలువ తవ్విన నాటి నుంచీ వస్తున్న ఆచారం. బీరప్ప వరి పొట్టకొచ్చింది, మడి నెర్రెలిచ్చింది. పార పట్టుకుని తన మనుషులతో తూము దగ్గరికి వచ్చాడు. శివరామకృష్ణయ్య గారు తూము మీద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మాటా మాటా పెరిగింది, చొక్కాలు పట్టుకున్నారు, ఇద్దరూ కలిసి కాలువలో పడ్డారు.

ఎవరో విద్యార్థిని మేడ మీది నుంచి ఇదంతా తీసి లోకం మీదికి వదిలింది. వెనకాల గోడ మీద సదస్సు పోస్టరు స్పష్టంగా కనిపిస్తోంది. సాయంత్రానికి లక్షమంది చూశారు. లింగసుగూరు నుంచి, రాయచూరు నుంచి, బళ్ళారి నుంచి, ఆ పోస్టరులో ఉన్నవాళ్ళెవరని అడిగారు. చంద్రమోహన్ గారు స్వయంగా హరిబాబు ఇంటికి వచ్చి కాఫీ తాగి వెళ్ళారు. తండ్రి కాలువలో పడ్డందుకు ఏడవాలో, భర్త నిలదొక్కుకుంటున్నందుకు నవ్వాలో తెలియక వాణి కాఫీలో చక్కెర రెండుసార్లు వేసింది.

రెండు రోజులు బాగానే గడిచింది. మూడో రోజు వాణి చల్లటి కబురు చెప్పింది. వాళ్ళ నాన్నా, బీరప్పా హోటల్లో కూర్చుని టీ తాగారట. ఒక వారం ఎగువకు, ఒక వారం దిగువకు నీళ్ళు వదలాలని మాట అనుకున్నారట. రేపే తూము మూస్తారట.

హరిబాబు పరుగున వెళ్ళి ఆ కబురు కళాశాలలో చెప్పాడు. చంద్రమోహన్ గారు నిర్ఘాంతపోయారు. శని, ఆదివారాల్లో సదస్సు పెట్టుకుని బుధవారమే శాంతి నెలకొంటే ఎవరు చూస్తారు? ఆయన పెద్దమనిషి తరహాలో మార్గం సెలవిచ్చారు.

"మనం శాంతికి వ్యతిరేకులం కామండీ. కానీ శాంతికి ఒక వేదిక ఉండాలి. హోటల్లో కూర్చుని కుదుర్చుకుంటే దానికి విలువేం ఉంటుంది? ముగింపు సభలో, పెద్దల సమక్షంలో సంతకాలు పెట్టించండి. అందాకా ఏదో ఒకలాగా తగాదా నడిపించండి."

హరిబాబు ముందు మామగారి దగ్గరికి వెళ్ళాడు. శివరామకృష్ణయ్య గారు మారుమాట లేకుండా ఒప్పుకున్నారు. "అల్లుడు గారు నోరు తెరిచి అడిగితే కాదంటానా?" అన్నారు. సంధి వాయిదా పడితే అన్నాళ్ళూ నీళ్ళు తన చేలోనే పారతాయన్న సంగతి ఆయనకు తట్టనే లేదని మనం నమ్మాలి.

బీరప్ప మడి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. విషయం విని పైరు వంక చెయ్యి చూపించాడు.

"పైరు పొట్టకొచ్చింది సారూ. నీళ్ళు ఇయ్యాలనే గావాలె. ఐతారం దంక ఆగుతదా అది?"

"నాలుగు రోజులేగా బీరప్పా. స్టేజీ మీద సంతకం పెడితే రేపు మా మావయ్య కూడా మాట తప్పలేడు. అంతమంది సాక్షులుంటారు." ఈ మాట అంటున్నప్పుడు హరిబాబు దాన్ని సగం నమ్మాడు కూడా.

బీరప్ప తల గోక్కున్నాడు. "నా ఫోటో గూడ ఏస్తరా?"

"వేస్తాం."

"ఆయనది ఎంతుంటదో నాది గంతే ఉండాలె. జరంత తక్కువైనా నేను రాను."

ఆ షరతు న్యాయమైనదే గనుక వెంటనే మంజూరైంది. ఆనాటి నుంచి రోజూ సాయంత్రం, ఎండ వాలి వెలుతురు బాగున్న వేళ, తూము దగ్గర తగాదా క్రమం తప్పకుండా జరిగింది. శివరామకృష్ణయ్య గారు మీసాలకు రంగు వేయించారు. బీరప్ప తిట్లు కొన్ని కన్నడంలోనూ, కొన్ని ఉర్దూలోనూ ఉంటే మూడు జిల్లాల వాళ్ళకు అర్థమవుతాయని తనకు తానే సూచించి, అలాగే తిట్టాడు. చూసేవాళ్ళు రోజురోజుకూ పెరిగారు. ఎగువ వాళ్ళది న్యాయమని కొందరు, దిగువ వాళ్ళదని కొందరు ఫోన్లలో తల్లినీ చెల్లినీ లాగి తిట్టుకున్నారు. ప్రపంచ సంఘర్షణల మీద ఇంత విస్తృతంగా చర్చ జరగడం ఆ తాలూకాలో అదే ప్రథమం.

సదస్సు ఘనంగా జరిగింది. పశ్చిమాసియా ప్రతినిధి మస్కట్‌లో వేడి ఎక్కువగా ఉందని వివరించాడు. ముగింపు సభ మధ్యాహ్నానికే అనుకున్నారు గాని, శాలువాలు కప్పాల్సినవాళ్ళు మిగిలిపోవడంతో ఒప్పందం పొద్దుగూకే వేళకు వెళ్ళింది. బీరప్ప, శివరామకృష్ణయ్య గారు సంతకాలు చేసి, చేతులు కలిపి, కెమెరా వైపు చూశారు. చప్పట్లు మోగాయి. అందరూ ఊరేగింపుగా కాలువ దగ్గరికి వెళ్ళారు. చంద్రమోహన్ గారు తన చేతుల మీదుగా తూము మూసి, నీటిని దిగువకు మళ్ళించారు.

మళ్ళించడానికి నీళ్ళు లేవు. కాలువ అడుగున బురద మెరుస్తోంది.

డ్యాములో నీరు తగ్గినందువల్ల ఈ ఏడాది శనివారం రాత్రితోనే కాలువ కట్టేస్తామని, ఆఖరి తడి ఉన్నవాళ్ళు ముందే పెట్టుకోవాలని రైతుల గ్రూపులో వారం కిందటే ప్రకటన వచ్చింది. హరిబాబు గట్టు మీద నిలబడి ఫోన్లో వెనక్కి వెనక్కి వెళ్ళి వెతికాడు. దాని మీద తను కుమ్మరించిన పోస్టర్లు గుట్టగా పడి ఉన్నాయి. ఆ ప్రకటనకు బొటనవేలు బొమ్మ పెట్టినవాళ్ళలో చదవకుండా నొక్కిన తనూ ఉన్నాడు. ఆయనకు సిగ్గేసింది. బీరప్ప మొహం చూడలేక చెప్పులు చేతపట్టుకుని పొలాలకు అడ్డంపడి ఇంటికి పోయాడు.

ఒప్పందం మాత్రం నేటికీ అమల్లో ఉంది. లేని నీటిని ఇరుపక్షాలూ వారం వారం వంతులవారీగా పంచుకుంటున్నాయి. ఆ ఒప్పందం వీడియోను ఇరవైముప్ఫై మంది చూశారు. వాళ్ళంతా వేదిక మీద ఉన్నవాళ్ళే.

చంద్రమోహన్ గారు మాట తప్పలేదు. హరిబాబు పర్మనెంటు అయ్యాడు. వాణి ఆ కాగితం చేత్తో తీసుకుని, "మా నాన్న చేను పండింది, మీ ఉద్యోగం పండింది" అని ఊరుకుంది. ఆ ఏడు పుట్టింటికి కబురు చెప్పలేదు.

పర్మనెంటు ఉద్యోగిగా హరిబాబుకు అప్పగించిన మొదటి పని, 'ప్రపంచ జల సంక్షోభం' మీద జరగబోయే సదస్సుకు ప్రచారం. ఎండిపోయిన చేను వీడియో కావాలన్నారు. తాలు తేలిన వరి మధ్య బీరప్ప ఒక్కడే కూర్చుని ఉన్నాడు. హరిబాబు ఫోన్ బయటికి తీశాడు. బీరప్ప తిట్టలేదు. లేచి నిలబడి, మట్టి దులుపుకుని అడిగాడు:

"ఏడ్వాల్నా సారూ, ఉత్తగ నిలబడాల్నా? ఏదైతే మస్తు మంది జూస్తరు?"

ఏదైనా ఒకటేనని తేలింది. ఆ వీడియో పది లక్షలు దాటింది. మీకూ వచ్చే ఉంటుంది. మీరూ ఒక కన్నీటి బొమ్మ పెట్టి, బొటనవేలితో పైకి తోసేసి, దాని కింద వచ్చిన బిర్యానీ వీడియో పూర్తిగా చూశారు.