ఆవుకు ఎంత దూరం పోతే ఆవుల డాక్టరు కావచ్చు?

పశువుల డాక్టరు కావాలనుకునేవాళ్ళు ముందుగా చేయవలసిన పని, పశువులకు దూరంగా వెళ్ళిపోవడం. ఈ మాట నేను వేళాకోళానికి అనడం లేదు. నెబ్రాస్కాలో పుట్టి, ఆవుల మధ్య పెరిగి, ఆవుల చేత తన్నులు తిని ఈ వయసుకు వచ్చినవాణ్ణి. నా మాట నమ్మండి!

వెటర్నరీ కాలేజీలో సీటు రాలేదా? దిగులెందుకు? మాస్టర్స్ చేయండి. అప్పటికీ రాలేదా? పీహెచ్‌డీ చేయండి. అప్పటికీ రాకపోతే మరీ మంచిది, ఇంకో మాస్టర్స్ చేసే వయసు మీకు మిగిలే ఉంది. పైచదువులు చదివితే సీటు వచ్చే అవకాశం నిజంగా పెరుగుతుందా అని మా కౌంటీలో కొందరు సందేహజీవులు అడుగుతుంటారు. ఎందుకు పెరగదు? మా మార్నీ కుచెరాయే సాక్ష్యం.

మార్నీ మా పక్క పొలం లైల్ కుచెరా కూతురు. దూడ తోక పట్టుకుని నడక నేర్చిన పిల్ల. కౌంటీ సంతలో ఏటేటా దూడల పోటీలో నీలం రిబ్బను గెలిచేది. గెలిచి, అది తీసుకెళ్ళి దూడ మెడకే కట్టేది. బడికి సెలవులిస్తే చాలు, డాక్టరమ్మ ఆర్డిస్ హోల్మ్ ట్రక్కులో ఎక్కి కూర్చునేది. పెద్దయ్యాక ఏమవుతావని ఆ పిల్లను ఎవరూ అడగలేదు. అడగడానికి ఏముంది గనక?

ఆర్డిస్ మా కౌంటీ మొత్తానికి ఒక్కతే ఆవుల డాక్టరు. ఆవుల కడుపులోకి భుజం దాకా చెయ్యి పెట్టి పెట్టి ఆవిడ కుడి భుజం అరిగిపోయింది. కాఫీ కప్పు ఎత్తడానికి కూడా మొహం చిట్లిస్తుంది. మార్నీ డాక్టరై తిరిగొచ్చేదాకా ఆ భుజం ఆగితే చాలునని ఆవిడ ఆశ. మా ఆశా అదే. చర్చిలో మోకరిల్లినప్పుడు మా వాళ్ళు వర్షం కోసం ఒకసారి, ఆ భుజం కోసం ఒకసారి దండం పెట్టుకునేవాళ్ళు.

మార్నీ డిగ్రీ ముగించి వెటర్నరీ కాలేజీకి దరఖాస్తు పెట్టింది. జంతువులతో మీకున్న అనుభవం ఏమిటని అడిగితే, ఆర్డిస్ క్లినిక్‌లో జీతానికి పనిచేసిన ఒక్క వేసవి గురించి రాసింది. మిగతాదంతా ఎందుకు రాయలేదే అని ఆర్డిస్ నిలదీస్తే తెల్లబోయింది.

"మిగతాది అనుభవమేంటి డాక్టరమ్మా? మా ఆవులు, మేం చూసుకున్నాం. అది ఇంటిపని. గిన్నెలు కడిగానని కూడా రాయమంటారా?"

సీటు రాలేదు.

ఇలాంటి పిల్లలకు దారి చూపడానికి ప్రతి యూనివర్సిటీలోనూ ఒక సలహాదారు ఉంటాడు. మార్నీకి దొరికిన ఆయన పేరు బ్రెంట్ ఆల్డ్రిచ్. నవ్వుముఖం. బల్ల మీద గాజు గిన్నె నిండా పిప్పరమెంట్లు. ఏడ్చే పిల్లలకు ఒకటి ఇస్తాడు, ఏడుపు ఆపుకునేవాళ్ళకు రెండు.

"నీ దరఖాస్తు బలంగానే ఉంది మార్నీ. ఇంకాస్త బలం ఉండాలి."

"ఏం తక్కువైందండీ?"

"తక్కువని కాదు. బలం! ఒక మాస్టర్స్ చేసి చూడు."

"చేస్తే సీటొస్తుందా?"

"వస్తుందని చెప్పలేను. రాదనీ చెప్పలేను. పోయేదేం లేదుగా!"

ఎంత నిజాయితీ చూడండి! మా ఊరి జ్యోతిష్కురాలు కూడా ఇంతకంటే తెగించి చెబుతుంది. పోయేదేం లేదన్న మాట నిజమే. ఆయనకేం పోతుంది?

మార్నీ మాస్టర్స్‌లో చేరింది. ఆవు కడుపులో ఉండే ఒకానొక సూక్ష్మజీవి మీద పరిశోధన. ఈ పరిశోధనకు ఆవు స్వయంగా రానక్కర్లేదు. చిన్న గాజు గొట్టంలో, చల్లగా, మూత బిగించుకుని వస్తుంది. తన్నదు. తోకతో మొహం మీద కొట్టదు. అర్ధరాత్రి ఈనదు. ఇంత మర్యాదస్తురాలైన ఆవును మార్నీ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఆ రోజుల్లో ఒకసారి మా ఇంటికొస్తే, బట్టలకు పేడ వాసన లేదని మా కుక్క ఆమెను గుర్తుపట్టక మొరిగింది.

ఆ లాబ్‌లో ఆమెకు తోడు లేకపోలేదు. పక్క బల్ల దగ్గర ఒకమ్మాయి గుర్రాల డాక్టరు కావాలని వచ్చి ఈగ రెక్కల మీద గ్రంథం రాస్తోంది. ఆ పక్కన ఒకాయన కుందేళ్ళ తుమ్ముల్లో పండితుడయ్యాడు. గడ్డం నెరిసింది గానీ, ఈ ఏడు తప్పకుండా సీటొస్తుందని ప్రతి ఏడూ అంటాడు. అయ్యా, వీళ్ళందరికీ మొదటిసారే సీట్లు ఇచ్చేస్తే ఈ దేశంలో గాజు గొట్టాలు కడిగేదెవరు? ప్రొఫెసర్ల పేరు మీద పేపర్లు రాసేదెవరు? ఇంత చవగ్గా, ఇంత ఆశగా పనిచేసే మనుషులు ఇంకెక్కడ దొరుకుతారు? ఏమైనా అంటే అన్నామంటారు గానీ, ఆశను మించిన ఎరువు లేదండీ యూనివర్సిటీలకు!

మాస్టర్స్ అయింది. ఈసారి ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. ముగ్గురు పెద్దలు కూర్చున్నారు.

"ఆవులతో నీ పని ఎలా ఉంటుందమ్మా?"

"ఫర్లేదండీ."

ఇక్కడ నేను కాస్త ఆగాలి. మా కౌంటీలో ఫర్లేదు కంటే పెద్ద మెప్పు లేదు. మా ఆవిడ పెళ్ళి బట్టల్లో ముందుకొచ్చి ఎలా ఉన్నానని అడిగితే, "ఫర్లేదు" అన్నాను. ఇప్పటికీ ఆ మాట చుట్టాలందరికీ చెప్పి మురిసిపోతుంది. సుడిగాలి వచ్చి లైల్ కొట్టం పైకప్పును ఎత్తుకుపోతే, "ఫర్లేదు, లోపలికి వెలుతురొస్తోంది" అన్నాడు. మంచికీ అంతే, చెడుకూ అంతే. తనను తాను పొగుడుకునేవాడికి మా కాఫీ హోటల్లో పక్కన కుర్చీ దొరకదు. కానీ ఆ ముగ్గురు పెద్దలూ మా కౌంటీవాళ్ళు కారు. ఏదో ఓ మాదిరిగా చేస్తుందట పాపం అనుకున్నారు.

ఆమె తర్వాత లోపలికెళ్ళినవాడు టానర్ విట్‌లాక్. ఒమాహాలో పళ్ళ డాక్టరుగారి అబ్బాయి. వీధి పిల్లుల ఆశ్రమంలో ఒక వేసవి సేవ చేశాడు. ఏం చెప్పాడో బయటికొచ్చి మార్నీకి తనే చెప్పాడు. "ఒక పిల్లి నా కళ్ళలోకి చూసింది సార్, ఆ క్షణంలో నా జీవితమే మారిపోయింది" అన్నాడట. ఆ మాట మా హోటల్లో అని ఉంటే కాఫీ మొహాన కొట్టి పంపేవాళ్ళం. అక్కడ సీటిచ్చారు.

మార్నీకి మాత్రం కారణం చెప్పారు. మార్కులు బ్రహ్మాండం. పరిశోధన బ్రహ్మాండం. కాకపోతే, ఈమధ్య జంతువులకు కాస్త దూరమైనట్టున్నారు!

ఆ శనివారం కాఫీ హోటల్లో ఆర్డిస్, మార్నీ ఎదురెదురుగా కూర్చున్నారు. మధ్యలో గసగసాలు పెట్టిన కోలాచే బన్నుల పళ్ళెం. ఇద్దరూ ముట్టుకోలేదు.

"దూరమయ్యావన్నారా? దూరం పొమ్మన్నదెవరే?"

"బ్రెంట్ గారే."

"ఇప్పుడేమంటాడు ఆ పిప్పరమెంట్లాయన?"

"పీహెచ్‌డీ చెయ్యమంటున్నాడు."

ఆర్డిస్ పళ్ళెం దగ్గరికి లాక్కుంది. ఎడమ చేత్తో ఒక కోలాచే తుంచి మార్నీ ముందు పెట్టింది.

"నీ మాస్టర్స్ దాకా ఎలాగో ఆపానే పిల్లా ఈ భుజాన్ని. పీహెచ్‌డీ దాకా ఆగమంటే అది నా మాట వినేట్టు లేదు."

"ఇంకొంచెం ఓపిక పట్టండి డాక్టరమ్మా."

"ఓపిక నాకుందే. భుజానికి లేదు."

మార్నీ నవ్వబోయి, కాగితం రుమాలు తీసుకుని మొహం అటు తిప్పుకుంది. నేను పక్క బల్ల దగ్గరే ఉన్నాను. మా పద్ధతి ప్రకారం చూడనట్టు కూర్చున్నాను.

పీహెచ్‌డీ వల్ల లాభాలు అన్నీ ఇన్నీ కావు. జీతంతో పాటు పాఠాలు చెప్పే భాగ్యం కూడా దక్కుతుంది. మార్నీకి ఏ క్లాసు ఇచ్చారనుకున్నారు? వెటర్నరీ మొదటి సంవత్సరం, శరీర నిర్మాణం! కూర్చోవడానికి అర్హత లేని క్లాసులో నిలబడి పాఠం చెప్పడానికి అర్హత వచ్చింది. పైచదువు మహిమ అంటే ఇదీ! ముందు వరసలోనే టానర్.

"మేడమ్, ఆవు పెద్దకడుపు ఏ వైపుంటుంది?"

"ఎడమ వైపు."

"నా ఎడమా, ఆవు ఎడమా?"

"ఆవుదే టానర్. నీ కడుపు పరీక్షలో రాదు."

పాసయ్యాడు. అందరూ పాసయ్యారు. తెల్లకోట్లు తొడిగే వేడుక రోజున టానర్ కాలరు మడత పడితే మార్నీయే సరిచేసి, వేదిక మీదికి పంపి, వెనక వరసలో నిలబడి చప్పట్లు కొట్టింది.

మా కౌంటీలో ఆర్డిస్ భుజం మాట వినడం మానేసింది. ఆవిడ లైసెన్సు వదులుకుని క్లినిక్ మూసేసింది. అక్కడికి రమ్మని ఎంతమందిని అడిగినా ఎవరూ రాలేదు. ఇప్పుడక్కడ ఆడవాళ్ళ గోళ్ళకు రంగులేసే షాపు ఉంది. బాగా నడుస్తోందట. గోళ్ళు ఈనవు కదా!

మార్నీ పీహెచ్‌డీ చివరికొచ్చిన ఏడు, మార్చి నెలలో, నా ఎర్ర పెయ్యకు నొప్పులొచ్చాయి. తొలిచూలు. బయట మంచు. మార్నీ సెలవులకు వచ్చి ఉంటే పరిగెత్తుకొచ్చింది. చొక్కా చేతులు పైకి మడిచి, చెయ్యి పెట్టి చూసి, నా వైపు తిరిగింది.

"దూడ పెద్దది బాబాయ్. దారి చాలదు. కోసి తియ్యాలి."

"తియ్యవే మరి!"

"పట్టా లేకుండా కత్తి పెడితే నేరం. ఆ సంగతి కాలేజీకి తెలిస్తే జన్మలో సీటివ్వరు. ఎవరికైనా ఫోన్ చెయ్యి బాబాయ్, తొందరగా!"

చేశాను. ఒక డాక్టరు మంచులో దారి మూసుకుపోయి నది అవతల ఉన్నాడు. ఒకావిడ తనే ఆసుపత్రిలో ఉంది. చివరికి ఒమాహాలో ఒకాయన ఎత్తాడు. మార్నీ వినాలని నేను ఫోన్ శబ్దం పెంచాను.

"నేను పిల్లుల డాక్టర్నండీ. ఆవులు చూడను. మీదే కౌంటీ? ఓ, అక్కడ మా మార్నీ మేడమ్ ఉండాలే! ఆవిణ్ణి అడగండి. ఆవుల సంగతి ఆవిడకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. నాకు నేర్పిందే ఆవిడ!"

టానర్. పాపం, మనస్ఫూర్తిగానే చెప్పాడు. మార్నీ చెయ్యి అప్పుడు ఆవు కడుపులోనే ఉంది.

కబురు విని ఆర్డిస్ వచ్చింది. లైసెన్సు లేదు, చెయ్యి లేవదు. మార్నీ పక్కన గడ్డిలో కూర్చుని "అటు తిప్పు, ఆగు, ఇప్పుడు లాగు" అంటూ ఉంది. లాగాం. పెయ్య బతికింది గానీ వెనక కాలు ఈడుస్తుంది. దూడ దక్కలేదు. మార్నీ దాని తల ఒళ్ళో పెట్టుకుని మూతి తుడుస్తూనే ఉంది, ఇక తుడిచి లాభం లేదని తెలిసి కూడా. నాకు ఆ రోజు ఏడుపొచ్చింది. ఫర్లేదు అనలేకపోయాను.

ఆ తర్వాతి ఇంటర్వ్యూలో పాత పెద్దలే కూర్చున్నారట. ఇంత చదివావు కదమ్మా, ఇంకా ఇదెందుకు అని అడిగారట. మార్నీ మా కౌంటీ మర్యాదంతా గాలికొదిలేసింది.

"మా కౌంటీలో ఆవుల గురించి నాకు తెలిసినంత ఎవరికీ తెలీదు. అయినా నా చేతుల్లోనే ఒక దూడ చచ్చిపోయింది. నాకు చేతకాక కాదు. మీరు సీటివ్వక."

సీటొచ్చింది! బ్రెంట్ ఆల్డ్రిచ్ ఫోన్ చేసి అభినందించాడు. "చెప్పానా? పీహెచ్‌డీ పనిచేసింది!" అన్నాడట. హోటల్లో ఈ సంగతి తెలిసి మావాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు. "అంత మాట అనేసిందా నా కూతురు!" అని లైల్ తల దించుకున్నాడు. దించుకుని, కప్పులోకి చూస్తూ చాలాసేపు నవ్వుకున్నాడు.

కాబట్టి సందేహజీవులారా, పైచదువులు చదివితే సీటు వచ్చే అవకాశం పెరుగుతుంది. ఇక అనుమానాలు పెట్టుకోకండి. మార్నీ ఇప్పుడు మొదటి సంవత్సరంలో కూర్చుని, తను చెప్పిన పాఠాలే రాసుకుంటోంది. పట్టా పుచ్చుకున్న మర్నాడే వచ్చేస్తానంటోంది. మా కౌంటీకి మళ్ళీ ఆవుల డాక్టరు వస్తుంది. ఇంత చదువుకున్న ఆవుల డాక్టరు మొత్తం నెబ్రాస్కాలోనే ఉండదు.

ఆవులే ఉండవు. డాక్టరు లేని చోట మంద పెట్టుకుని ఎన్ని దూడల్ని పూడ్చమంటారు? పోయిన శీతాకాలం నేను అమ్మేశాను. నా వెనకే లైల్ కూడా అమ్మేశాడు. ఈ సంగతి మార్నీకి మేమింకా చెప్పలేదు. మీరూ చెప్పకండి. చదువు ఒత్తిడిలో ఈ పేపరు చూసే తీరిక ఆ పిల్లకు ఎలాగూ లేదు.

కాలీడ్చే ఎర్రదాన్ని మాత్రం ఉంచుకున్నాను. పిల్ల వచ్చేసరికి చూడటానికి ఒక్క ఆవైనా ఉండాలి కదా. నిన్న ఫోన్ చేసింది.

"బాబాయ్, మన ఎర్రది ఎలా ఉంది? మందతో కలిసి తిరుగుతోందా?"

కిటికీలోంచి చూశాను. ఖాళీ పొలం అంచున, కంచె దగ్గర, ఒక్కతే నిలబడి ఉంది.

"ఫర్లేదే" అన్నాను.

"అంత బాగుందా!" అని ఆ పిల్ల ఎంత సంబరపడిందో.