ముత్తాత చేతి గాజులు

"బావా, మీ ముత్తాతకి గాజులెందుకప్పా?"

శ్రీనివాసప్ప ఆ మాట మైకులోనే అడిగాడు. కృష్ణగిరి కల్యాణ మండపంలో భోజనాల వైపు లేచినవాళ్లంతా మళ్లీ కూర్చున్నారు.

వేదిక మీద రెండు ఫ్లెక్సీలు వేలాడుతున్నాయి. ఎడమవైపు తలపాగా, కోటు, మెలితిరిగిన మీసంతో చెన్నరాయప్ప ముత్తాత తిమ్మరాయప్ప. కుడివైపు అదే తరహా కోటులో శ్రీనివాసప్ప ముత్తాత మునెప్ప. ఇంట్లో అరచేతంత ఉండే పటం మనిషికి రెండింతలయ్యేసరికి, తిమ్మరాయప్ప కోటు చేతి అంచు కింద ఇన్నాళ్లూ ఎవరికీ కనిపించనిది కనిపించింది. గాజులు. ఒకటి కాదు, చేతినిండా.

పొద్దున హోసూరులో చెన్నరాయప్ప ఇంటివాళ్లు బయలుదేరినప్పుడు అనుకున్నది వేరు. దాదాపు నూటయాభై ఏళ్ల కిందటి ధాతు కరువులో కదిరి వైపు నుంచి బండ్లు కట్టుకొని వచ్చిన కుటుంబాలన్నీ ఏటా ఒకచోట కలుస్తాయి. ముందు బండి ఎవరిదో వాళ్ల ఇంటికి మొదటి తాంబూలం. ఆ బండి మాదంటే మాదని ఈ రెండిళ్లూ తరతరాలుగా కొట్లాడుతున్నాయి. ఈసారి పాత కాగితాలు, పటాలు తెచ్చి తేల్చుకోమంది సంఘం. చెన్నరాయప్ప కూతురు నందిత ఆఫీసు సెలవులన్నీ ఖర్చుపెట్టి పాత భూమి పత్రాలు, పెళ్లి పత్రికలు తిరగేసింది. పటాన్ని స్కాన్ చేసి మూకండపల్లిలో ఫ్లెక్సీ కొట్టించింది. ఇక తాంబూలం పుచ్చుకొని ఇంటికి రావడమే మిగిలిందనుకున్నారు.

"అవి గాజులు కాదు బావా, కంకణాలు," అన్నాడు చెన్నరాయప్ప. "ముందు బండి తోలేవాళ్లకి కట్టేది. మీ ఇంట్లో ఎవరూ తోలలేదు కదా, మీకు తెలిసుండదు."

జనం చప్పట్లు కొట్టారు. శ్రీనివాసప్ప ఫ్లెక్సీ కింది అంచు దాకా వంగాడు.

"మరి కాళ్లకి మెట్టెలు?"

"అంతదూరం నడిచినాడప్పా. వేళ్లు చిట్లకుండా ఇనుప చుట్లు ఏసినారు."

"తోలినాడంటివి, ఇప్పుడు నడిచినాడంటివి."

"ఎద్దుల మీద దయ. అది సరే, మీ మునెప్ప ముక్కు మీద ఆ చుక్క ఏంది?"

"పులిపిరి. మా వంశానికి గుర్తు అది," అంటూ శ్రీనివాసప్ప ఛాతీ విరిచాడు.

గొడవ అక్కడితో ఆగేదే. కానీ సంఘం కార్యదర్శి అంజినప్పకు కంకణాల మాట నచ్చింది. తన హయాంలో కొత్త ఆచారం ఒక్కటైనా మొదలు కావాలని ఆయన చాన్నాళ్లుగా కాచుకొని ఉన్నాడు. ఇకమీదట ప్రతి ఇంటి పెద్దకొడుకూ సభలో కంకణం వేసుకోవాలని అక్కడికక్కడే తీర్మానం చదివేశాడు. మండపం ఎదుట గాజుల అంగడి నడిపే ఆయన్ని బుట్టతో సహా పిలిపించారు. అందరికంటే ముందు చేయి చాపక తప్పలేదు చెన్నరాయప్పకు. ఆకుపచ్చ గాజులు సబ్బు నురగతో ఎక్కాయి. దిగమంటే దిగలేదు.

తర్వాతి వంతు శ్రీనివాసప్పది. ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"నేను ఏసుకోను. ఆ పటమే మోసం. ఈ పిల్ల యాప్‌లో ఏదో చేసింది. సభలో తప్పయిందని చెప్పల్ల. లేదంటే వాళ్లింటికి తాంబూలమే లేదు. మొదటిదీ లేదు, కడాదీ లేదు."

అంజినప్ప నందిత చేతికి మైకు ఇచ్చాడు. "చెప్పేయమ్మా. అన్నం చల్లారిపోతా ఉండాది."

"చెప్పను," అంది నందిత. "నేను ఒక్క చుక్క కూడా మార్చలేదు. తాంబూలం పోతే పోనీ. చెయ్యని తప్పుకి నేనెందుకు మొక్కల్ల?"

"అచ్చం వాళ్ల అవ్వే," అన్నారెవరో వెనక వరుసలో.

ఆ అవ్వే లేచింది. చెన్నరాయప్ప తల్లి అంజనమ్మకు ఎనభై దాటాయి. మనవరాలి చేతిలోంచి మైకు తీసుకుంది.

"ఆ గాజులు నావి."

చెన్నరాయప్ప తల్లి వైపు చూశాడు. తర్వాత ముత్తాత వైపు చూశాడు. ముక్కు ఒకటే.

"పెద్దలకి పెట్టేనాడు వాళ్ల నాయన పటం లేదని మా మామ, వీళ్ల తాత, ఏడుస్తా ఉండె," అంది అంజనమ్మ. "నన్ను మేనమామకే ఇచ్చినారు కదా, ముసిలాయన ముక్కు ఇంట్లో నాకొక్కదానికే వచ్చినాది. మత్తూరు సంతకి పోటోవోడు వచ్చినాడు. వీధినాటకమోళ్ల కోటు, పాగా ఏసుకొని నేనే పోయి కూర్చున్నాను. కాటుకతో మీసం. గాజులు, మెట్టెలు తీసేయమన్నారు. మొగుడు బతికుండగా ఎట్లా తీసేది? తీయనంటి."

"సిగ్గు లేదా అత్తా?" అన్నాడు శ్రీనివాసప్ప.

"ఏమిటికి సిగ్గు? ఇంతకాలం ఇల్లంతా నాకే దండం పెట్టినారు. యాడన్నా తక్కువైనాదా?"

శ్రీనివాసప్ప మైకు లాక్కున్నాడు. "విన్నారు కదా అందరూ. ముందు బండీ లేదు, ముత్తాతా లేడు. అత్తా, ఈ నాటకం నీ ఒక్కదాని బుర్రలో పుట్టిండదు. మొదట చేసిందెవరు? పేరు చెప్పు."

"ఒద్దప్పా. పోయిన మనిషి."

"పోయినా సరే. ఇంతమందిలో ఈడనే చెప్పల్ల."

అంజనమ్మ కుడివైపు ఫ్లెక్సీ దగ్గరికి నడిచింది. మునెప్ప ముక్కు మీది పులిపిరిని వేలితో చూపించింది. నందిత ఫోన్ లైటు వేసింది. పులిపిరికి చుట్టూ రాళ్లు పొదిగి ఉన్నాయి.

"ఆ కోటు మొదట ఏసుకున్నది, ముక్కుపుడక తీయనని నాకంటే ముందు మొండికేసింది, బాగుండాది, నువ్వూ రాయే అని నన్ను పిలిచి కూర్చోబెట్టింది... నీ మాటే నిజమప్పా, ముందు మీ ఇంటోళ్లే. మీ అమ్మ, కదిరమ్మ."

మొదటి తాంబూలం మీరు తీసుకోండంటే మీరు తీసుకోండని ఆ రెండిళ్లూ కొట్లాడుకున్నది ఆ ఒక్క రోజే.